అంగీకారం ఒకరిది, నమోదయ్యేది ఇంటిల్లిపాదీ: స్మార్ట్ పరికరాల మధ్య గృహ గోప్యత

సంక్షిప్తంగా

ఇంట్లో పెట్టే కెమెరా, స్పీకరు, టీవీ వంటి స్మార్ట్ పరికరాల షరతులకు ఒప్పుకునేది ఖాతా తెరిచిన ఒక్కరే. వాటిలో నమోదయ్యేది మాత్రం ఆ ఇంట్లో ఉండేవారు, పనికి వచ్చేవారు, చుట్టపుచూపుగా వచ్చిపోయేవారు అందరి జీవితం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీల మీద బాధ్యతలు పెట్టింది గానీ, వ్యక్తులు గృహావసరాల కోసం వాడుకునే డేటాను తన పరిధి నుంచి తప్పించింది. ఈ ఖాళీ ఎలా ఏర్పడింది, బెంగళూరులోని తెలుగు కుటుంబాల మీద దాని ప్రభావం ఏమిటి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

బెంగళూరులోని మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో ఒక అమరిక తరచుగా కనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. పసిబిడ్డను చూసుకోవడానికి అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చిన అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ కొన్ని నెలలు వారితో ఉంటారు. పొద్దున వంటమనిషి, ఆ తర్వాత పనిమనిషి వచ్చి వెళ్తారు. ఊరి నుంచి బంధువులు ఆసుపత్రి పని మీదో, పిల్లల ఇంటర్వ్యూల కోసమో వచ్చి రెండు మూడు రోజులు ఉంటారు. ఆ ఇంటి హాల్లో వైఫై కెమెరా, టీవీ పక్కన స్మార్ట్ స్పీకరు, వీధి తలుపుకు డిజిటల్ తాళం, మంచాల కింద తిరిగే రోబో వాక్యూమ్ ఉంటాయి. వీటిని కొని, బిగించి, ఫోన్లో యాప్ వేసుకుని, షరతుల కింద ‘అంగీకరిస్తున్నాను’ అన్నచోట నొక్కింది మాత్రం ఆ ఇంట్లో ఒక్కరే.

స్మార్ట్ పరికరాల గోప్యత గురించి జరిగే చర్చ ఎక్కువగా హ్యాకర్ల చుట్టూ, డేటాను దూరదేశపు సర్వర్లకు చేర్చే కంపెనీల చుట్టూ తిరుగుతుంది. ఆ రెండు భయాలకూ గట్టి ఆధారాలున్నాయి. చర్చకు తక్కువగా వచ్చేది మరొకటి ఉంది: పరికరాన్ని తయారు చేసేవారూ, దానికి హద్దులు గీసే చట్టమూ ఇంటిని ఒకే వ్యక్తిగా లెక్కిస్తున్నారు. ఇల్లు ఒక వ్యక్తి కాదు కాబట్టి, మొదటి రెండు సమస్యలు పూర్తిగా తీరినా ఇది తీరదు.

ఖాతా ఎవరిదైతే ఆధిపత్యం వారిదే

స్మార్ట్ పరికరాల నిర్మాణం సెల్‌ఫోన్ నుంచి వచ్చింది. ఫోన్ ఒక మనిషిది. అందులో ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్, ఒక ఒప్పందం ఉంటే సరిపోతుంది. అదే పద్ధతిని హాల్లో పెట్టే కెమెరాకు, అందరూ చూసే టీవీకి, అందరూ వాడే తలుపు తాళానికి యథాతథంగా తగిలించారు. చాలా పరికరాలకు ఒక ‘యజమాని’ ఖాతా ఉంటుంది. మిగిలినవారిని ఆ యజమాని చేర్చుకుంటే సభ్యులవుతారు, లేకపోతే పరికరం దృష్టిలో వారు లేనట్టే.

ఈ తేడా ఆచరణలో చాలా పెద్దది. వైఫై కెమెరా యజమాని ఎక్కడి నుంచైనా హాలును ప్రత్యక్షంగా చూడవచ్చు, వెనక్కి తిప్పి పాత దృశ్యాలు చూడవచ్చు, మాటలు వినవచ్చు, ఎవరైనా కదిలినప్పుడల్లా ఫోన్‌కు సందేశం వచ్చేలా పెట్టుకోవచ్చు. ఆ హాల్లో కూర్చున్నవారికి ప్రస్తుతం ఎవరైనా చూస్తున్నారో లేదో తెలిసే మార్గం చిన్న లైటు ఒక్కటే. అనేక నమూనాల్లో దానిని కూడా యాప్ నుంచే ఆర్పేయవచ్చు. స్మార్ట్ స్పీకరును పెద్దావిడ అడిగిన ప్రశ్నల చరిత్ర ఖాతాదారు ఫోన్లో వరుసగా కనిపిస్తుంది. డిజిటల్ తాళం ఎవరు ఎన్ని గంటలకు తలుపు తీశారో రాసిపెడుతుంది. ఇవన్నీ లోపాలు కావు, పరికరం ప్రకటించుకునే సౌకర్యాలే.

అద్దె ఇళ్లలో ఈ చిక్కు మరో రూపంలో వస్తుంది. బెంగళూరులో 11 నెలల ఒప్పందంతో ఇళ్లు మారే కుటుంబాలు తమకు ముందు ఉన్నవారు గానీ, ఇంటి యజమాని గానీ బిగించి ఉంచిన తాళాన్నో, వీడియో కాలింగ్ బెల్లునో వాడుకోవలసి రావచ్చు. పాత ఖాతాను తొలగించి, పరికరాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, కొత్త ఖాతాతో కలుపుకోకపోతే, ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారి ఫోన్‌కు కొత్తగా వచ్చినవారి రాకపోకల సమాచారం అందుతూనే ఉంటుంది. తాళంచెవులు అప్పగించడం, అడ్వాన్సు వెనక్కి తీసుకోవడం, గోడలకు సున్నం ఖర్చు తేల్చుకోవడం ఒప్పందాల్లో ఉంటున్నాయి. పరికరాల ఖాతాల అప్పగింత కూడా వాటి పక్కన చేరవలసిన అంశం.

స్పీకరు వినే తీరు

స్మార్ట్ స్పీకరు ఇంట్లోని మాటలన్నిటినీ నిరంతరం కంపెనీకి పంపుతుందన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది; అసలు పనితీరు వేరు. పరికరంలోనే ఉండే చిన్న ప్రోగ్రాము కొన్ని క్షణాల శబ్దాన్ని మాత్రం నిలుపుకుంటూ, పాతదానిని చెరిపేసుకుంటూ, ‘అలెక్సా’ వంటి పిలుపు పదం కోసం వెతుకుతుంది. ఆ పదం వినిపించిందని అది భావించినప్పుడు మాత్రమే రికార్డింగు సర్వరుకు వెళ్తుంది. చిక్కంతా ఆ ‘భావించడం’లో ఉంది. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020లో వెల్లడించిన అధ్యయనంలో, టీవీ కార్యక్రమాల సంభాషణలను వినిపించినప్పుడు కొన్ని స్పీకర్లు రోజుకు 19 సార్ల వరకు పొరపాటున మేల్కొన్నాయి. అది ఇంగ్లిష్ కార్యక్రమాలతో జరిగిన పరీక్ష కనుక, తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లిష్ మాటలు ఒకే వాక్యంలో కలిసిపోయే బెంగళూరు ఇంటికి ఆ అంకెను నేరుగా వర్తింపజేయడం తగదు. పొరపాటున మేల్కోవడం జరుగుతుందన్న సంగతి మాత్రం వర్తిస్తుంది.

అలా వెళ్లిన రికార్డింగులు ఎవరి చెవిన పడతాయన్నది 2019లో బయటపడింది. అమెజాన్, ఆపిల్, గూగుల్ సంస్థలు తమ సేవలను మెరుగుపరచుకోవడానికి రికార్డింగుల్లో కొంత భాగాన్ని ఉద్యోగులకు, కాంట్రాక్టు సిబ్బందికి వినిపిస్తున్నాయని ఆ ఏడాది పత్రికలు వెల్లడించాయి. తన పరికరాల్లో మాటకు బదులిచ్చే సహాయకి ‘సిరి’ రికార్డింగులకు సంబంధించిన దావాను ఆపిల్ 9.5 కోట్ల డాలర్లతో పరిష్కరించుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. పిల్లల గొంతుల రికార్డింగులను అవసరానికి మించి అట్టిపెట్టుకున్నందుకు, తల్లిదండ్రులు తొలగించమన్న తర్వాత కూడా సమాచారాన్ని పూర్తిగా చెరపనందుకు అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 మేలో అమెజాన్‌పై చర్య తీసుకుంది. ఆ కంపెనీ 2.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

సౌకర్యాలు ముందుకు, వెనక్కి కూడా జరుగుతుంటాయి. అమెజాన్ అమ్మే కొన్ని ఎకో స్పీకర్లలో మాటను సర్వరుకు పంపకుండా పరికరంలోనే అర్థం చేసుకునే ఎంపిక ఉండేది. కృత్రిమ మేధతో కూడిన కొత్త అలెక్సాకు సర్వరు సామర్థ్యం అవసరమంటూ అమెజాన్ 2025 మార్చి 28 నుంచి దానిని తీసేసింది. కొన్నప్పుడు ఉన్న షరతు పరికరం జీవితకాలమంతా అలాగే ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు. ఒకసారి ఇచ్చిన అంగీకారానికి అర్థం కాలక్రమంలో మారిపోవడం ఈ రంగానికి సహజ లక్షణంగా మారింది.

టీవీ ఎందుకు చవకైంది

టీవీ ధరలు తగ్గడానికి తెరల ఉత్పత్తి పెరగడం ఒక కారణం. టీవీ అమ్మిన తర్వాత కూడా దాని నుంచి ఆదాయం వచ్చే ఏర్పాటు మరో కారణం. తెర మీద కనిపిస్తున్న దృశ్యం నుంచి కొద్దికొద్ది క్షణాలకు ఒక సంక్షిప్త ఆనవాలు తయారు చేసి, దానిని సర్వరులోని సినిమాల, కార్యక్రమాల, ప్రకటనల ఆనవాళ్లతో పోల్చి, ఇంట్లో ఏది చూస్తున్నారో గుర్తుపట్టే పద్ధతిని ఏసీఆర్ అంటారు. అమెరికాలో టీవీలు అమ్మే విజియో కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి వీక్షణ వివరాలను స్పష్టమైన అనుమతి లేకుండా సేకరించిందన్న ఆరోపణ మీద 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించింది. ఆ కంపెనీని వాల్‌మార్ట్ 2024 చివర్లో 230 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ప్రధాన ఆకర్షణ ప్రకటనల వ్యాపారమే.

బెంగళూరు ఇళ్లకు నేరుగా తగిలే విషయం 2024లో ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు సామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల మీద చేసిన అధ్యయనంలో ఉంది. హెచ్‌డీఎంఐ తీగతో ల్యాప్‌టాప్‌ను కలిపి టీవీని కేవలం తెరగా వాడుతున్నప్పుడు కూడా ఏసీఆర్ పనిచేస్తోందని అందులో తేలింది. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవారు పెద్ద తెర కోసం హాల్లోని టీవీకి ల్యాప్‌టాప్ తగిలించుకోవడం మామూలే. వెళ్లేది పూర్తి చిత్రం కాకపోయినా, కంపెనీతో గోప్యత ఒప్పందం ఉన్న ఉద్యోగి దీనిని తేలిగ్గా తీసుకోకూడదు. అదే అధ్యయనం, సెట్టింగుల్లో అనుమతిని ఉపసంహరించుకుంటే ఈ రాకపోకలు ఆగుతున్నాయని కూడా చూపింది. సామ్‌సంగ్‌లో ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’, ఎల్‌జీలో ‘లైవ్ ప్లస్’ అన్న పేర్ల కింద అది దొరుకుతుంది.

కెమెరా బయటికి జారే దారులు

అన్నిటికంటే ఎక్కువ హాని చేయగలిగినది కెమెరాయే. చుట్టూ తిరిగి చూసే వైఫై కెమెరా 2,000 రూపాయల పరిధిలోకి వచ్చేసరికి, పసిబిడ్డ కోసమో, ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల కోసమో కొనేవారు పెరిగారు. ఆ అవసరం నిజమైనది. దానిని చిన్నచూపు చూడటం న్యాయం కాదు. హిందూపురంలోని ఇంట్లో తండ్రి కాలు జారి పడితే బెంగళూరులోని కూతురికి వెంటనే తెలియడం ప్రాణాన్ని నిలబెట్టగల సంగతి.

కెమెరా దృశ్యం ఫోన్‌కు చేరే మార్గాన్ని తెలుసుకుంటే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. పాత సీసీటీవీ రికార్డర్లను దూరం నుంచి చూడాలంటే ఇంటి రూటరులో ఒక ద్వారాన్ని తెరిచి ఉంచేవారు. ఇంటర్నెట్‌లోని ఎవరైనా ఆ ద్వారం దాకా రావచ్చు కాబట్టి, లోపల పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డు. కొత్త వైఫై కెమెరాలు అలా చేయవు. కెమెరాయే కంపెనీ సర్వరుకు కనెక్షన్ తెరిచి ఉంచుతుంది. ఫోన్ కూడా అదే సర్వరును చేరుతుంది. సర్వరు రెండింటినీ కలుపుతుంది. అందువల్ల మొదటి రకంలో బలహీనత ఇంటి పాస్‌వర్డులోనూ, రెండో రకంలో కంపెనీ సర్వరులోనూ ఖాతా పాస్‌వర్డులోనూ ఉంటుంది.

రెండు రకాల వైఫల్యాలూ జరిగాయి. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలనూ రూటర్లనూ లక్షల సంఖ్యలో ఆక్రమించిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము 2016 అక్టోబరులో అమెరికాలో పెద్ద వెబ్‌సైట్లను గంటలపాటు స్తంభింపజేసింది. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో మహిళలను పరీక్షించే గది దృశ్యాలు అమ్మకానికి పెట్టినట్లు బయటపడింది. అక్కడ మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డే దారి ఇచ్చిందని వార్తలు వచ్చాయి. అదే ఏడాది నవంబరు చివర్లో దక్షిణ కొరియా పోలీసులు 1,20,000 కెమెరాలలోకి చొరబడ్డారన్న అభియోగంపై నలుగురి అరెస్టును ప్రకటించారు. వాటిలో ఇళ్లలోని కెమెరాలు చాలా ఉన్నాయి.

సర్వరు వైపు జరిగినవాటిలో గమనించదగినది రింగ్ కెమెరాల ఉదంతం. మహిళల పడకగదులు, స్నానాల గదుల్లో పెట్టిన కెమెరాల వీడియోలను 2017లో ఒక ఉద్యోగి వేల సంఖ్యలో చూశాడని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో ఇంటి కెమెరాలు అమ్మే వైజ్ కంపెనీ సర్వర్లు మొరాయించి తిరిగి లేచినప్పుడు సుమారు 13,000 మంది ఖాతాల్లో ఇతరుల ఇళ్ల చిత్రాలు కనిపించాయి. ఇక్కడ చొరబాటుదారు అంటూ ఎవరూ లేరు. ఒకరి ఇంటి గుర్తింపును మరొకరి ఖాతాతో కలిపేసిన సాంకేతిక తప్పిదం అది.

రోబో వాక్యూమ్‌ల విషయంలో 2022లో వెలుగు చూసిన సంఘటన అంగీకారం ప్రశ్నకు మరింత దగ్గరగా ఉంటుంది. ఐరోబోట్ సంస్థ పరీక్షల కోసం వాడిన యంత్రాలు తీసిన చిత్రాలు, వాటిలోని వస్తువులకు పేర్లు పెట్టే పని చేసే కాంట్రాక్టు సిబ్బంది చేతుల మీదుగా సోషల్ మీడియా బృందాల్లోకి చేరాయి. మరుగుదొడ్డిలో కూర్చున్న మహిళ చిత్రం వాటిలో ఉంది. పరీక్షలో పాల్గొన్నవారు రాతపూర్వకంగా ఒప్పుకున్నారని కంపెనీ చెప్పింది; పిల్లలతో సహా, కంటపడకూడనిదేదైనా యంత్రం తిరిగే చోట లేకుండా చూసుకోవలసిన బాధ్యత వారిదేనని కూడా చెప్పింది. ఇంట్లోని ఒకరు చేసిన సంతకం మిగతావారి శరీరాలకు, ముఖాలకు, పిల్లలకు వర్తించిపోయింది.

మనదేశంలో పరిస్థితి కొంత మెరుగుపడుతోంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలను తప్పనిసరి చేసింది. 2025 ఏప్రిల్ నుంచి ఆ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. హార్డ్‌వేరు, సాఫ్ట్‌వేరు రెండూ గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో పరీక్షకు నిలవాలి. అప్పటికే గోడలకెక్కిన కెమెరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

చూసేవారు ఇంట్లోవారే అయినప్పుడు

పై ఉదంతాలన్నిటిలోనూ తప్పు చేసినవారిని వేలెత్తి చూపవచ్చు. కెమెరా ఇంట్లో అనుకున్నట్టుగా, ఏ లోపమూ లేకుండా పనిచేస్తున్నప్పుడు ఏం జరుగుతుందన్నది అంత సులభంగా తేలదు. పసిబిడ్డ కోసం పెట్టిన కెమెరా బిడ్డను చూసుకునే నాయనమ్మను కూడా రోజంతా చూస్తుంది. ఆమె ఎప్పుడు కునుకు తీసింది, కూతురితో ఫోన్లో ఏం మాట్లాడింది, బిడ్డకు ఎన్నింటికి తినిపించింది అన్నవి ఆఫీసులో ఉన్న కొడుకూ కోడలూ చూడగలిగిన సంగతులవుతాయి. ఆమెకు ఇంగ్లిష్ యాప్ చదవడం రాకపోవచ్చు. కెమెరా మాటలను కూడా వింటుందని ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. చూసే ఉద్దేశం ప్రేమే అయినా, తెలియకుండా చూడటం వల్ల కలిగే అసౌకర్యం తగ్గదు.

పనిమనిషి పరిస్థితి ఇంకా బలహీనమైనది. ఇంటి కెమెరాతో పాటు అపార్ట్‌మెంటు గేటు యాప్ కూడా ఆమెను నమోదు చేస్తుంది. బెంగళూరులోనే పుట్టిన మైగేట్, నోబ్రోకర్‌హుడ్ వంటి యాప్‌లలో ఆమె ఏ రోజు ఎన్ని గంటలకు లోపలికి వచ్చింది, ఎన్నింటికి బయటికి వెళ్లింది అన్న లెక్క ఆమెను పనిలో పెట్టుకున్న ఇళ్లకు అందుతుంది. దొంగతనాల భయం, ఒకే పనిమనిషి నాలుగైదు ఇళ్లలో చేయడం వల్ల వచ్చే సమయాల తికమక, ఈ యాప్‌లు విస్తరించడానికి కారణాలు. వాటి ప్రయోజనాన్ని కాదనలేం. అయితే రాయలసీమ నుంచి, ఉత్తర కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి వచ్చి ఈ పని చేసే మహిళలకు తమ గురించి ఏం రాసి ఉందో చూసుకునే, తప్పుంటే దిద్దించుకునే వీలు నివాసులకు ఉన్నంతగా లేదు. పని పోతుందేమోనన్న భయంతో తల ఊపడాన్ని అంగీకారం అనడం కష్టం.

ఎదురుబొదురు తలుపులున్న అపార్ట్‌మెంట్లలో వీడియో కాలింగ్ బెల్లు మరో తగవుకు తావిస్తుంది. ఒక తలుపుకు బిగించిన కెమెరా ఎదుటి తలుపులోంచి ఎవరు ఎప్పుడు వచ్చారో, తలుపు తెరిచినప్పుడు లోపలి హాల్లో ఎవరున్నారో చూస్తుంది. ఉమ్మడి నివాసంలో సోదరుల మధ్య వచ్చిన వివాదంలో, కలిసి ఉంటున్నవారి సమ్మతి లేకుండా నివాస భాగం లోపల సీసీటీవీ కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025 ఫిబ్రవరిలో తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు అదే ఏడాది మేలో ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. ఇంట్లో ఒక్కరి ఇష్టం అందరి ఇష్టం కాదన్న సూత్రాన్ని నేరుగా గుర్తించిన తీర్పు కావడం వల్ల దీని ప్రాముఖ్యం పెద్దది.

భార్యాభర్తల విషయంలో 2025 జులైలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు వేరే దిశ నుంచి ఇదే ప్రశ్నను తాకుతుంది. జీవిత భాగస్వామికి తెలియకుండా రికార్డు చేసిన సంభాషణను విడాకుల కేసులో సాక్ష్యంగా స్వీకరించవచ్చని న్యాయస్థానం చెప్పింది. ఇంట్లో పరికరాలన్నీ ఒకరి ఖాతాలోనే ఉన్నప్పుడు, కాపురం చెడిన రోజున సాక్ష్యాధారాలన్నీ ఆ ఒక్కరి చేతిలోనే ఉంటాయి. రెండోవారికి కనీసం రికార్డింగు ఉందన్న సంగతి కూడా తెలియకపోవచ్చు.

కరెంటు మీటరు సంగతి

కెమెరా, మైకు లేకుండానే ఇంటి దినచర్య తెలిసే మార్గం కరెంటు మీటరు. ఫ్రిజ్, గీజరు, మిక్సీ, మోటారు ఆన్ అయినప్పుడు విద్యుత్ వాడకంలో కనిపించే మార్పు ఒక్కోదానికి ఒక్కో తీరుగా ఉంటుంది. మొత్తం వాడకాన్ని చూసి ఏ పరికరం ఎప్పుడు నడిచిందో విడదీసే పద్ధతి 1980లలోనే అమెరికాలోని ఎంఐటీలో రూపుదిద్దుకుంది. బెంగళూరులో విద్యుత్ సరఫరా సంస్థ బెస్కాం 2025లో కొత్త కనెక్షన్లకు స్మార్ట్ మీటర్లను తప్పనిసరి చేసినప్పుడు చర్చ దాదాపు పూర్తిగా మీటరు ధర మీదే నడిచింది. 15 నిమిషాలకోసారి రీడింగు తీసుకోవడం రాజ్యాంగ దృష్టిలో ఇంటి తనిఖీ కిందికే వస్తుందని, అయితే గ్రిడ్ నిర్వహణ కోసం చేసే ఆ తనిఖీ సహేతుకమైనదేనని అమెరికాలోని ఒక అప్పీళ్ల కోర్టు 2018లో నేపర్‌విల్ నగరం కేసులో చెప్పింది. అదే సమాచారాన్ని పోలీసు విచారణకు వాడితే లెక్క మారవచ్చని కూడా సూచించింది. మన దగ్గర ఆ కోణంలో ప్రశ్న వేయడానికి ఇది తగిన సమయం.

చట్టం ఎంతవరకు వస్తుంది

గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. ఆ కేసు వేసిన దివంగత జస్టిస్ కె.ఎస్.పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి, బెంగళూరులో ఉండేవారు. గోప్యత వ్యక్తికి చెందినదని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఇంటి గోప్యతను అడ్డుపెట్టుకుని ఇంట్లోని స్త్రీల గౌరవానికి జరిగే హానిని కప్పిపుచ్చడానికి వీల్లేదన్న హెచ్చరిక కూడా అందులో ఉంది. ఇల్లు ఒక కోటగా బయటివారికి తలుపు మూసుకోగలిగితే చాలదని, కోటలోపల ఉన్న ఒక్కొక్కరికీ హక్కు ఉందని గుర్తించిన తీర్పు అది.

దాని తర్వాత వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. కంపెనీల ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రతా చర్యలు తీసుకోవడంలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 18 ఏళ్ల లోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కావాలి. తెలుగు పాఠకులకు నేరుగా ఉపయోగపడే అంశం కూడా ఉంది: సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోరుకున్న భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది.

అదే చట్టం మూడో సెక్షను, ఒక వ్యక్తి తన వ్యక్తిగత లేదా గృహావసరాల కోసం వాడే డేటాకు చట్టం వర్తించదని చెబుతుంది. ఇలాంటి మినహాయింపు ఐరోపా చట్టంలోనూ ఉంది గానీ, అక్కడ అది పూర్తిగా వ్యక్తిగతమైన, గృహసంబంధమైన పనులకే పరిమితం. ఇంటి కెమెరా వీధిని కూడా చూస్తుంటే ఆ మినహాయింపు దొరకదని ఐరోపా న్యాయస్థానం 2014 డిసెంబరులో చెక్ దేశానికి చెందిన కేసులో తేల్చింది. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు 2021లో ఒక వీడియో కాలింగ్ బెల్లు విషయంలో పొరుగింటివారి పక్షాన తీర్పునిచ్చింది.

మినహాయింపు ఉండటం తప్పు కాదు. పెళ్లి ఫోటోలు దాచుకోవడానికి, అమ్మ ఫోన్ నంబరు రాసుకోవడానికి డేటా చట్టం అడ్డురాకూడదు. రోజంతా నడిచే కెమెరాను కూడా ఆ ఫోటోల గాటనే కట్టడం వల్ల సమస్య వస్తోంది. మిగిలిన చట్టాలు ఈ ఖాళీని కొంతే పూరిస్తాయి. ఐటీ చట్టంలోని 66ఈ సెక్షను, భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షను మర్మావయవాల చిత్రాలు తీయడం, స్త్రీలను ఏకాంత సమయంలో దొంగచాటుగా చూడటం వంటివాటిని శిక్షిస్తాయి. హాల్లో కూర్చుని మాట్లాడుకునే నాయనమ్మ వాటి పరిధిలోకి రారు.

పరికరాల భద్రత విషయంలో ఇతర దేశాలు ముందుకు కదిలాయి. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డుతో పరికరాలు అమ్మడాన్ని నిషేధించింది; ఎంతకాలం అప్‌డేట్లు ఇస్తారో ముందే చెప్పాలని కూడా ఆదేశించింది. ఐరోపా సమాఖ్య సైబర్ చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరులో అమల్లోకి వస్తాయి. మన టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్ 2021లో దాదాపు అవే సూత్రాలతో మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి తప్పనిసరి కావు.

ఇంట్లో మార్చుకోగలిగినవి

సర్వరుతో పని లేకుండా అన్నీ ఇంట్లోని చిన్న కంప్యూటరులోనే నడిపే హోమ్ అసిస్టెంట్ వంటి వ్యవస్థలకు బెంగళూరు ఐటీ ఉద్యోగుల్లో ఆదరణ ఉంది. కంపెనీ చేతికి డేటా వెళ్లకుండా ఆపడంలో ఇది నిజంగా సమర్థమైన మార్గం. ఇంటి లోపలి అసమానతను మాత్రం ఇది పెంచవచ్చు: మొత్తం వ్యవస్థ అర్థమయ్యేది, అడ్మిన్ పాస్‌వర్డు ఉండేది దానిని కట్టిన ఒక్కరి దగ్గరే. జీవిత భాగస్వామికి సమాన అధికారంతో రెండో అడ్మిన్ ఖాతా ఇవ్వడం ఇక్కడ సాంకేతికంగా చిన్న పని, ఫలితంలో పెద్దది.

కెమెరా విషయంలో ఎక్కువ తేడా తెచ్చేది దాని స్థానం. పడకగది, స్నానాల గది వైపు చూడకుండా, వీలైతే వీధి తలుపు లోపలి భాగానికే పరిమితం చేసి, ఇంట్లో పెద్దలు ఉన్నంతసేపు ఆగిపోయేలా సమయం పెట్టుకుని, మాటల రికార్డింగు ఆపేస్తే, భద్రత చాలావరకు మిగులుతుంది, నిఘా చాలావరకు తగ్గుతుంది. మూత ఉన్న కెమెరా అయితే యాప్‌తో పని లేకుండా ఎవరైనా మూసుకోవచ్చు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల కోసమైతే రోజంతా నడిచే కెమెరా కంటే మీట నొక్కితే ఫోన్ మోగే అత్యవసర గంట, లేదా కాలు జారితే గుర్తించే చేతి గడియారం అదే అవసరాన్ని తక్కువ చొరబాటుతో తీరుస్తుంది. పనికి వచ్చేవారికి మొదటి రోజునే కెమెరా ఎక్కడుందో, అది ఏం వింటుందో, దృశ్యాలు ఎన్నాళ్లు ఉంటాయో వారి భాషలో చెప్పడం ఖర్చు లేని పని. గేటు యాప్‌లో తన హాజరు తానే చూసుకునే హక్కును నివాసుల సంఘం సమావేశంలో తీర్మానంగా పెట్టవచ్చు. దానికి 2027 దాకా ఆగనక్కరలేదు.

2027 మే తర్వాత యాప్‌లలో తెలుగు నోటీసులు రావడం మొదలైతే, ఇంగ్లిష్ రాని పెద్దలు తమ ఇంట్లోని యంత్రాలు ఏం చేస్తాయో మొదటిసారి చదవగలుగుతారు. అయితే ఆచరణలో ఆ నోటీసు చేరేది ఖాతాదారు ఫోన్‌కే. దానిని నాయనమ్మ ముందు, వంటమనిషి ముందు పెట్టే పని కంపెనీ మీద గానీ, కుటుంబం మీద గానీ ప్రస్తుత నియమాలు పెట్టలేదు. పరికరం పెట్టె మీదే పెద్ద అక్షరాలతో స్థానిక భాషల్లో హెచ్చరిక ఉండాలన్న నిబంధన, ఎవరైనా ప్రత్యక్షంగా చూస్తున్నంతసేపు ఆర్పడానికి వీల్లేని దీపం వెలగాలన్న నిబంధన ఈ లోటును చాలావరకు తీర్చగలవు. సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసిన యంత్రాంగం ఇప్పటికే ఉంది కనుక, ఈ రెండు షరతులను దానిలోనే చేర్చడానికి కొత్త చట్టం అవసరం రాదు.